ముప్పై ఆరు పాదాలు

లూమింగ్‌కి ముఖాలు గుర్తుండవు. కన్నకూతురు జుట్టు కత్తిరించుకుని వస్తే గుమ్మంలో నిలబెట్టి, ఎవరు కావాలమ్మా అని అడిగిన మనిషి. పాదం మాత్రం ఒక్కసారి చూసిందంటే చచ్చేదాకా మర్చిపోదు. అందులో వింతేం లేదు. పందొమ్మిదేళ్లుగా ఆవిడ పని పడవ వెనక భాగంలో, గొంతుక్కూర్చుని, బొగ్గుల పొయ్యి ముందు. ఆ ఎత్తులో కూర్చున్నవాళ్లకి లోకం మోకాళ్ల దాకానే కనిపిస్తుంది. ఆ పైన ఏముందో చూడాలంటే మెడ ఎత్తాలి. లూమింగ్ మెడ ఎత్తే రకమే. కాకపోతే ఇంకొకళ్ల ముఖం కోసం ఎత్తే రకం కాదు.

పాదిరీ నీళ్లు చల్లి పెట్టిన పేరు ఇలుమినాడా. అంత పొడుగు పేరు పిలిచే ఓపిక ఆ దీవుల్లో ఎవరికీ లేక లూమింగ్ అయింది. అరవై నాలుగేళ్లు. బడికి వెళ్లింది మూడేళ్లు. నాలుగో ఏడు పంతులమ్మ, సముద్రంలో నిలువునా లేచిన ఈ కొండలన్నీ సున్నపురాయే, కోట్ల గవ్వలు కలిసి రాయయ్యాయి అని చెబితే, “మరి గవ్వల్లో ఉన్న పురుగులెటు పోయాయి?” అని అడిగి, గోడ వైపు తిరిగి నిలబడే శిక్ష తెచ్చుకుంది. మర్నాటి నించీ వెళ్లలేదు. అడిగినదానికి జవాబు చెప్పలేని బడి తనకెందుకని ఇప్పటికీ అంటుంది.

పలావన్ దీవి ఉత్తరపు కొసన ఉన్న ఆ ఊరికి వచ్చేవాళ్లంతా పడవ ఎక్కడానికే వస్తారు. పొద్దున తొమ్మిదికి ఎక్కించుకుని, నాలుగు దీవులు తిప్పి, మధ్యాహ్నం ఏదో ఒక ఇసకలో అన్నం పెట్టి, ఎండ వాలేసరికి తెచ్చి దింపుతారు. డోన్యా పిలార్ ఒకటి, డోన్యా పిలార్ రెండు అని ఒకే యజమానురాలివి రెండు పడవలు. రెండింటికీ అదే నీలం రంగు, అదే తెల్లచార, బోర్లా పడకుండా రెండు పక్కలా కట్టిన అవే వెదురు రెక్కలు. పక్కపక్కన కట్టేస్తే వాటి సరంగులే తడబడతారు. ఒకటో పడవకి సరంగు నెస్టర్, లూమింగ్ అల్లుడు. వచ్చినవాళ్లకి చోటు చోటుకీ కథలు చెప్పి, తలలు లెక్కపెట్టేది బెబాంగ్ అని నలభై ఏళ్ల మనిషి. ఇంజను ఆగినా ఆవిడ నోరు ఆగదు.

బెబాంగ్ తలలు లెక్కపెడుతుంది. లూమింగ్ పాదాలు లెక్కపెడుతుంది.

పడవలో చెప్పులేసుకుని తిరగకూడదు. నిచ్చెనెక్కగానే చెప్పులు విప్పి టబ్బులో పడెయ్యాలి. లూమింగ్ మగ్గుతో పాదాల మీద నీళ్లు పోస్తుంది, ఇసక పోతుంది. రాళ్లున్న చోట దిగితే చెప్పులేసుకుని వెళ్తారు, వచ్చి మళ్లీ టబ్బులో వేస్తారు, మళ్లీ నీళ్లు. దిగిన ప్రతిసారీ, ఎక్కిన ప్రతిసారీ. పద్దెనిమిది మందైతే ముప్పై ఆరు పాదాలు. ఆ ముప్పై ఆరు తడిసేదాకా ఆవిడ మగ్గు కింద పెట్టదు.

ఈ లెక్క ఊరికే పుట్టలేదు. మొగుడు సెవెరినో ఆ కొండల్లో గుహలెక్కి, తినడానికి అమ్ముడుపోయే పిట్టగూళ్లు దించేవాడు. ముప్పై ఒక్క ఏళ్ల కిందట ఒకనాడు అయిదుగురు ఎక్కి నలుగురు దిగారు. ముందు దిగిన ఇద్దరూ, వెనకవాళ్లతో వస్తాడనుకున్నారు. వెనక దిగిన ఇద్దరూ, ముందువాళ్లతో వెళ్లిపోయాడనుకున్నారు. లోపల కాలు విరిగి కూర్చున్న మనిషి కోసం మర్నాడు మధ్యాహ్నం దాకా ఎవరూ వెళ్లలేదు. వెళ్లేసరికి ప్రాణం లేదు. “అనుకున్నాం వదినా” అని నలుగురూ గుండెలు బాదుకున్నారు. అప్పటి నించీ ఆ మాట వింటే లూమింగ్‌కి ఒళ్లు మండిపోతుంది. “అనుకోమని ఎవడు చెప్పాడు? దేవుడు కళ్లిచ్చాడు కదా, చూడు” అంటుంది, ఎదురుగా మేయరున్నా సరే.

అంత చూసే మనిషీ మూడు వారాల కిందట పప్పులో కాలేసింది. ఒక కుర్రాడి పాదాలు తక్కువొచ్చాయని గోల పెట్టి, పడవ వెనక్కి తిప్పించింది. గంటసేపు ఎండలో కొండల మధ్య మడుగంతా గాలించారు. ఆ కుర్రాడు హాయిగా రెండో పడవలో తన పెదనాన్న కొడుకు పక్కన కూర్చుని మామిడిపండు తింటున్నాడు. పడవ మారుతున్నానని వాడు రెండో పడవ సరంగుకి చెప్పాడు, ఆ సరంగు ఒకటో పడవలో ఎవరికీ చెప్పలేదు. పడవలో వాళ్లు ఎండకి మాడి, ఫోన్లలో నానా మాటలూ రాశారు. యజమానురాలు నెస్టర్‌ని నిలబెట్టి కడిగేసింది. వాడొచ్చి అత్తగారికి చెప్పాడు:

“ఇంకొక్కసారి ఇలా జరిగితే నేనేం చెయ్యలేను అత్తా. ఇంటి దగ్గరే వండి డబ్బాల్లో పెట్టి పంపిద్దువు గాని. పడవ మీదకి వేరే మనిషిని పెడతానంటోంది.”

లూమింగ్ తోమిన గిన్నెనే మళ్లీ తోమింది. ఆవిడ తోమిందే తోమితే ఎంత తగిలిందో ఇంట్లో అందరికీ తెలుసు. ఒడ్డున కూర్చుని డబ్బాలు మూసే బతుకు! పుట్టింది కొండల మధ్య పడవలో. తల్లికి ఒడ్డు చేరే వ్యవధి లేకపోయింది.

ఇక ఆ రోజు సంగతి. మే నెల చివర. గాలి మారే రోజులు. పొద్దున్నే పొయ్యి రాజేస్తే పొగ ఊరి వైపు పోవాల్సింది, తిన్నగా పైకి లేచి, ఏం చెయ్యాలో తోచనట్టు అక్కడే నిలబడింది. లూమింగ్‌కి అది నచ్చలేదు. చేపలు కడిగింది, మళ్లీ కడిగింది. వంకాయలు లెక్కపెట్టింది. కారణం లేకుండా కత్తి నూరింది.

“కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నావేంటి పెద్దమ్మా?” అంది బెబాంగ్.

“నా కాలు నా ఇష్టం. నువ్వు వచ్చేవాళ్లని చూడు.”

పద్దెనిమిది మంది వచ్చారు. పెళ్లయి వారం దాటని జంట, ఒక ఆఫీసు వాళ్లు పది మంది, అక్కచెల్లెళ్లు అయిదుగురు. అందరికీ వెనక, ఒంటరిగా, ఒక ముసలాయన. లూమింగ్ ముందు ఆయన పాదాలు చూసింది. చేటలంత వెడల్పు, వేళ్లు విసనకర్రలా విచ్చుకుని.

“ఏం తాతా, ఈ పాదాలతో సముద్రం దున్నడానికొచ్చావా?”

“నేను తాతనైతే నువ్వెవరు చెల్లెమ్మా, నిన్న పుట్టావా? మా బాగియో కొండల్లో జారకుండా నిలబడాలంటే ఇలాంటివే కావాలి.”

పేరు అపోలినార్యో, అందరూ పోలీ అంటారట. యాభై ఏళ్లు ఒకే కొట్లో క్షవరం చేసి, మొన్న శీతాకాలం కత్తి కింద పెట్టాడు. కొట్లో గోడకి ఈ కొండల బొమ్మున్న క్యాలెండర్ వేలాడేదట. ఏళ్ల తరబడి కుర్చీలో కూర్చున్నవాడల్లా, అదెక్కడ పోలీ, అని అడగడం, ఈయన, ఏమో, అనడం. చూసి వచ్చి చెబుదామని బయల్దేరాడు. ఈత రాదు. సముద్రంలో అడుగు పెట్టడం ఇదే మొదటిసారి.

ఇదంతా నిచ్చెన మీద నిలబడే చెప్పాడు, వెనకాల ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. చెప్పడం పూర్తవుతుండగా ఎడమ చెప్పు పట్టీ పుటుక్కున తెగింది. లూమింగ్ ఆ చెప్పు లాక్కుని, చేపలు గుచ్చే చువ్వ నిప్పులో కాల్చి, అట్టకి కన్నం పెట్టి, పచ్చటి గాలపు తీగతో పట్టీ బిగించింది.

“ఇదుగో. తుఫానుకి వలలు తెగాయి గానీ నా ముడి ఊడలేదు. దీన్నెక్కడైనా పారేసుకుని వచ్చావో, నీకు అన్నం పెట్టను.”

“అమ్మో! ప్రాణం పోయినా చెప్పు వదలను” అన్నాడు పోలీ రెండు చేతులూ పైకెత్తి.

ఆ మాట ఆవిడకి నచ్చలేదు. పొద్దున్నే ప్రాణం సంగతి ఎత్తుతాడేమిటీ మనిషి అనుకుంది. నీళ్లు పోసింది. ముప్పై ఆరు. పడవ కదిలింది.

మొదటి మడుగు, రెండో దీవి, ఏ గొడవా లేదు. మధ్యాహ్నం ఇసకలో ఆకులు పరిచి, కాల్చిన చేపలు, పందిమాంసం, వంకాయ, మిరపకాయ వేసిన పులుపునీళ్లు, పుచ్చకాయ ముక్కలు పెట్టింది. పోలీ రెండు చేపలు తిని మూడోది అడిగాడు.

“కొండ మీద మీకు తిండి పెట్టరా?” అంది లూమింగ్, పెద్ద చేప చూసి వేస్తూ.

“పెడతారు. తిట్టకుండా పెడతారు, అందుకే రుచి ఉండదు.”

ఆవిడకి నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. పొయ్యి పొగ ఇప్పుడు ఊరికి ఎదురుగా, సముద్రం వైపు వంగి పోతోంది. ఆ వైపు కొండల మీద ఆకాశం మసిగుడ్డలా ఉంది. “నెస్టర్, మూడోది మానేసి ఇంటికి పోదాం” అంది. “ఇంకా రెండు గంటల టైముంది అత్తా. మూడోదాని కోసమే వస్తారు అందరూ” అన్నాడు వాడు.

ఆ మూడోది కొండ లోపల దాక్కున్న ఇసకతీరం. బయట నించి చూస్తే నిట్టనిలువు రాతిగోడ. అడుగున, నీటి దగ్గర, ఒక మనిషి వంగి పట్టేంత కన్నం. ఆటు మీద నడుము లోతు నీళ్లలో నడిచి వెళ్లిపోవచ్చు. లోపల చుట్టూ గోడలు, పైన ఆకాశం, మధ్యలో గుప్పెడు ఇసక. పోటు వచ్చిందంటే ఆ కన్నాన్ని నీళ్లు మింగేస్తాయి. అడుగంతా పదును రాళ్లు, అందుకే చెప్పులేసుకుని వెళ్తారు. ఒక్కొక్కళ్లూ దిగుతుంటే లూమింగ్ ఎప్పటిలాగే గోడ వైపు తిరిగి, “పక్కకి జరగండి పెద్దలారా, పిల్లలొస్తున్నారు, చూసి పోతారు” అని కళ్లకి కనిపించని ఆ కొండవాళ్లకి చెప్పుకుంది. తండ్రి చెప్పేవాడు, మొగుడు చెప్పేవాడు. ఇప్పుడు చెప్పేది ఆవిడొక్కతే.

అప్పటికే రెండో పడవ వచ్చి పక్కన కట్టి ఉంది. దాని సరంగు వెనాన్స్యో పైకప్పు నీడలో గురక పెడుతున్నాడు.

అరగంటకే వాకీటాకీ అరిచింది. గాలివాన వస్తోంది, పడవలన్నీ వెంటనే ఊరికి చేరాలని తీరం కాపలావాళ్ల మాట. బెబాంగ్ ఈల ఊదింది. చినుకులు మొదలయ్యాయి. రెండు పడవల వాళ్లూ ఒకేసారి కన్నంలోంచి తోసుకుంటూ వచ్చారు. అరుపులు, నవ్వులు, ఒకళ్ల చెయ్యి ఒకళ్లు పట్టుకుని ఏ రెక్క అందితే ఆ రెక్క మీంచి ఎక్కేశారు. సరిగ్గా అప్పుడే కెరటం తన్ని నిప్పుల పొయ్యి పక్కకి ఒరిగింది. లూమింగ్ మగ్గు వదిలేసి, గోనెసంచి తడిపి, పొయ్యి మీద పడింది. నిప్పు ఆర్పి, గిన్నెలు తాళ్లతో బిగించి తలెత్తేసరికి లంగరు లేచిపోయింది.

“పద్దెనిమిది!” అని అరిచింది బెబాంగ్. నెస్టర్ పడవ తిప్పాడు.

పందొమ్మిదేళ్లలో మొదటిసారి నీళ్లు పొయ్యలేదు. చేతికి కాలిన చోట ఉప్పునీళ్లు మండుతున్నా, ఆవిడకి అదొక్కటే గుచ్చుకుంటోంది. టబ్బు దగ్గరికి పాక్కుంటూ వెళ్లింది. చెప్పులు ఒక్కో జతా తీసి వరసగా పెట్టింది. పదిహేడు. మళ్లీ పెట్టింది. పదిహేడు. పచ్చతీగ ముడి లేదు.

ఎవరివో నీళ్లలో కొట్టుకుపోయి ఉంటాయి, రోజూ పోతూనే ఉంటాయి. కానీ ఆ మనిషి ప్రాణం పోయినా చెప్పు వదలనన్నాడు కదా. లూమింగ్ లేచింది. కూర్చుంది. పంచదార పూసిన అరటిపండు చుట్టల పళ్లెం తీసుకుని, అందరికీ పంచుతున్నట్టు, తల వంచుకుని పడవంతా తిరిగింది. ఆఫీసు వాళ్ల పాదాలు, ఇరవై. జంట, నాలుగు. అక్కచెల్లెళ్లు, పది. ముందు కొసన ఎవరో తువ్వాళ్లు కప్పుకుని ముడుచుకుని పడుకున్నారు. చినుకులు కొడుతున్నాయి, పడవ ఎగిరెగిరి పడుతోంది. ఒక తువ్వాలు కింద పాదాలు బయటికి లేవు.

“బెబాంగ్, ఆ క్షవరం తాత ఏడీ?”

“ముందు పడుకున్నాడు కదా. తువ్వాలు కప్పుకుని.”

“చూశావా?”

“చూడటమేంటి పెద్దమ్మా, పద్దెనిమిది తలలు లెక్కపెట్టాను. ఇంకెవరుంటారు, ఆయనే అనుకున్నా...”

బెబాంగ్ నాలిక్కరుచుకుంది. కానీ ఆ మాట అనేసింది. గొంతు తగ్గించి, “మళ్లీ మొదలెట్టకు పెద్దమ్మా, నీకు దణ్ణం పెడతా. నెస్టర్ ముఖం చూడు” అంది.

లూమింగ్ చూసింది. వాడు చుక్కాని పట్టుకుని, పళ్లు బిగబట్టి, కెరటం కెరటానికీ పడవని దువ్వుతున్నాడు. ఇప్పుడు వెళ్లి, వెనక్కి తిప్పు, అనాలి. తిప్పాక ఆ తువ్వాలు కింద పోలీయే లేచి ఆవులిస్తే? ఇహ డబ్బాలే. వెనక్కొచ్చి పొయ్యి దగ్గర కూర్చుంది. ఒక కెరటం, రెండు కెరటాలు. కన్నంలో నీళ్లు ఇప్పుడు ఎంత లోతుంటాయో లెక్క కట్టింది. మెడ దాకా. మూడో కెరటానికి లేచి, నిలబడలేక, నాలుగు కాళ్ల మీద ముందుకి పాకి, ఆ తువ్వాలు అంచు పట్టుకుని ఎత్తింది.

సన్నటి పాదాలు. గోళ్లకి ఎర్రరంగు. పొద్దున ఆ పాదాల మీద ఆవిడ నీళ్లు పొయ్యలేదు.

పడుకున్న పిల్ల ఉలిక్కిపడి లేచింది. కాలేజీ పిల్ల. అటూ ఇటూ చూసి, “ఆంటీ, మా వాళ్లేరీ? ఇది పిలార్ రెండు కదా?” అంది.

“ఒకటి” అంది లూమింగ్. “నీ చెప్పులేవే?”

“మేం వేసుకోలేదాంటీ.”

ఆ జవాబు పూర్తయ్యేలోపే లూమింగ్ చుక్కాని దగ్గరుంది. సంగతి చెప్పింది. నెస్టర్ ముందు అర్థం కానట్టు చూసి, తర్వాత ఊపిరి వదిలాడు.

“అయితే ఇంకేం! ఈ పిల్ల మన పడవెక్కింది, ఆయన వాళ్ల పడవెక్కి ఉంటాడు. అడుగుదాం.” వాకీటాకీ నొక్కాడు. “వెనాన్స్యో! మీ జనం సరిపోయారా?”

గరగరల మధ్య వెనాన్స్యో గొంతు, “సరిపోయారు, సరిపోయారు. ఊళ్లో కలుద్దాం.”

“విన్నావా అత్తా?”

“విన్నాను. పచ్చతీగ కట్టిన చెప్పుందా అని అడుగు. విసనకర్ర లాంటి పాదాలున్నాయా అని అడుగు.”

నెస్టర్ మళ్లీ నొక్కాడు. గరగర. మళ్లీ గరగర. వాళ్లు కొండ మలుపు తిరిగేశారు.

“సరిపోయారన్నాడు కదత్తా. ఈ పిల్ల పోయిందిగా, ఆయన వెళ్లి ఉంటేనే సరిపోతారు.”

“వెనాన్స్యోగాడు లెక్కపెట్టాడా? వాడి పిల్లలెంత మందో అడిగితే వాళ్లావిడ వైపు చూస్తాడు! నిద్ర లేచి సరిపోయారన్నాడు. తిప్పు.”

“ఈ గాలిలో? ఇంత మందితో?”

“గాలి ఇంకా పూర్తిగా దిగలేదు. కొండ చాటున ఆగొచ్చు, నీకూ తెలుసు. అరగంట పోతే కన్నం మూసుకుపోతుంది. ఆయనకి ఈత రాదు.”

“ఆయన వెనాన్స్యో పడవలో కూర్చుని నవ్వుతుంటే?”

“నవ్వనీ. నేను ఒడ్డునే కూర్చుంటాను. నీ డబ్బాలు మూస్తాను. చచ్చేదాకా ఈ పడవ మీద కాలు పెట్టను. నా కూతురి మీద ఒట్టు. ఇంకేం కావాలి నీకు? తిప్పరా!”

ఎప్పుడూ వాణ్ణి ఆవిడ రా అనలేదు. నెస్టర్ ఒక్క క్షణం ఆవిడ వైపు చూశాడు, తర్వాత చుక్కాని మీద ఒళ్లంతా వేసి తిప్పాడు. పడవలో గగ్గోలు లేచింది. ఆఫీసు వాళ్లలో ఒకాయన లేచి నిలబడి, మా ప్రాణాలకి విలువ లేదా అని అరిచాడు. “ఉంది, అందుకే కూర్చో” అంది బెబాంగ్. ఆ రోజంతటిలో ఆవిడన్న పొట్టి మాట అదొక్కటే.

రాతిగోడ దగ్గరికొచ్చేసరికి కన్నం పైన జానెడు ఖాళీ మిగిలింది. కెరటం వస్తే అదీ లేదు, పోతే మళ్లీ జానెడు. కొండ చాటున గాలి తక్కువే, నెస్టర్ పడవని అంగుళం అంగుళం సర్ది నిలబెట్టాడు. లంగరు దగ్గరుండే లావుపాటి మనిషి చొక్కా విప్పబోయాడు.

“నువ్వందులో ఇరుక్కుంటే నిన్ను లాగడానికి ఇంకో పడవ తేవాలి. తాడు పట్టుకో” అంది లూమింగ్. అప్పటికే నడుముకి కట్టేసుకుంది.

“అత్తా, వద్దు, నేను వెళ్తా” అన్నాడు నెస్టర్.

“నువ్వు దిగితే పడవెవడు చూస్తాడు? ఏడేళ్ల వయసప్పటి నించీ తిరిగిన కన్నం ఇది. ఎడం పక్క చేతికి గట్టుంటుంది.”

దిగింది. గోడకి ఆనుకుని, “పక్కకి జరగండి పెద్దలారా. ఈసారి చూడ్డానికి రాలేదు, తీసుకుపోవడానికొచ్చాను” అంది. కెరటం వెనక్కి పోగానే మునిగింది. ఎడమ చెయ్యి గట్టుని వెతికింది. ఉంది. యాభై ఏళ్లు దాటినా అదేం కదిలిపోలేదు. కాలిన చెయ్యి మండిపోయింది, మోకాలు ఏదో రాయికి కొట్టుకుంది, ఊపిరి అయిపోతుందనగా తల పైకి లేచింది.

గుప్పెడు ఇసకలో సగం మునిగిపోయింది. మిగిలిన సగంలో, ఒక రాయి మీద, లైఫ్ జాకెట్ వేసుకుని పోలీ కూర్చున్నాడు, కొట్లో తర్వాతి మనిషి కోసం ఎదురుచూస్తున్నట్టు. చెప్పులు రెండూ మోచేతికి తొడుక్కున్నాడు.

“వచ్చావా చెల్లెమ్మా. పెద్దగా అరిచాను. గోడలే తిరిగి అరిచాయి.” మోచెయ్యి ఎత్తి పచ్చతీగ చెప్పు చూపించాడు. “ఈల విన్నాను. వస్తుంటే ఇది నీళ్లలో పడిపోయింది. పారేసుకుంటే అన్నం పెట్టనన్నావు కదా. వెతికి పట్టుకునేసరికి ఎవరూ లేరు. కన్నంలో మెడ దాకా నీళ్లు. నాకేమో...”

లూమింగ్ ఆ చెప్పు వైపు చూసింది. తనే కదా అంది. అరటాకు ముందు కూర్చున్నవాడితో అన్నట్టు, నోటికొచ్చినట్టు అంది. ఈ వెర్రి మనిషి దాన్ని పట్టుకుని కూర్చున్నాడు.

“నేనన్నానని చస్తావా?” అని అరిచింది. “నా మాటని మా అల్లుడే లెక్కచెయ్యడు, నువ్వెవడివి లెక్కచెయ్యడానికి! లే!”

తాడు ఆయన జాకెట్‌కి కూడా చుట్టింది. “వెల్లకిలా పడుకో. తల వెనక్కి వాల్చు. ముక్కు పైకి పెట్టి, కళ్లు మూసుకో. నేను ఊపిరి పట్టమన్నప్పుడు పట్టు, మిగతాదంతా నేను చూసుకుంటాను. కదలకూడదు. కదిలావా ఇద్దరం పోతాం.”

పోలీ ఆవిడ చేతిలో తల వాల్చాడు. పెదాలు నీలంగా ఉన్నాయి. “యాభై ఏళ్లు” అన్నాడు, “ఊరందరినీ ఇలాగే వాల్చి గొంతు మీద కత్తి పెట్టాను. కదలకండి అనేవాణ్ణి. ఒక్కడూ కదల్లేదు.”

“నువ్వూ కదలకు. పట్టు!”

తాడు రెండుసార్లు లాగింది. అవతల లాగారు. జానెడు ఖాళీలో ఆయన ముక్కు, పక్కన ఆవిడ ముక్కు. పైన రాయి నుదుటిని గీసుకుంటూ పోయింది. మధ్యలో కెరటం వచ్చి మూసేసింది. చీకటి, చెవుల్లో హోరు. ఆయన కదల్లేదు. ఆవిడ ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకుంది. తొమ్మిది దగ్గర వెలుతురొచ్చింది.

పైకి లాగాక ఆఫీసు ఆయన తన పొడి చొక్కా విప్పి పోలీకి కప్పాడు. బెబాంగ్ ఏడుస్తూ, ముక్కు చీదుతూ, “తలలు సరిపోయాయి పెద్దమ్మా, నిజంగా సరిపోయాయి” అని పాతికసార్లు చెప్పింది. లూమింగ్ విననట్టే వెనక్కెళ్లి, మగ్గుతో నీళ్లు తెచ్చి, ఆ విసనకర్ర పాదాల మీద పోసింది. ఇసక పోయేదాకా పోసింది. మోచేతి నించి చెప్పులు తీసి ముడి చూసింది. ఊడలేదు. టబ్బులో వేసింది.

“ఇక అన్నం పెడతావా?” అన్నాడు పోలీ పళ్లు టకటకలాడిస్తూ.

“అరటిపండు చుట్ట ఒకటి మిగిలింది. నీదే. మూసుకుని తిను.”

దారంతా గాలి కొడుతూనే ఉంది. వాకీటాకీ మళ్లీ పలికాక వెనాన్స్యో, “ఒక పిల్ల తక్కువొస్తోంది, మీ దగ్గరుందా?” అని నీరసంగా అడిగాడు. నెస్టర్ వాడికేం చెప్పాడో ఇక్కడ రాయదగ్గది కాదు. ఊరి దీపస్తంభం కనిపించింది. అందరూ కుదురుకున్నారు, కొందరు పాటలు కూడా ఎత్తుకున్నారు. లూమింగ్ మాత్రం కుదురుకోలేదు. కాలిన చేతికి తడిగుడ్డ చుట్టుకుని, పొయ్యి దగ్గర గొంతుక్కూర్చుని, వరసగా పాదాలు చూసుకుంటూ పోయింది. చివరిదాకా వెళ్లి, మళ్లీ మొదటి నించీ. సముద్రం మధ్యలో దిగి పోయేవాళ్లెవరూ లేరని ఆవిడకి తెలుసు. అయినా ఆగలేకపోయింది. ఎర్రగోళ్ల పాదాలు తువ్వాలు కిందకి ముడుచుకుంటే, చువ్వతో తువ్వాలు తొలగించి, “బయట పెట్టుకో అమ్మాయ్” అంది.

నెస్టర్ వెనక్కి తిరగలేదు. చుక్కాని మీంచి కళ్లు తియ్యకుండానే అడిగాడు, “అత్తా, ఎన్ని?”

మూడు వారాల నించీ వాడు ఆ మాట అడగలేదు. ఆవిడ ఇంకోసారి మొదటి నించీ చివరి దాకా చూసుకుంటూ పోయింది.

“ముప్పై ఎనిమిది. ఆ పిల్లవి రెండు ఎక్కువ.” చువ్వ పక్కన పెట్టి అంది, “నీ పాదాలు నేను లెక్కలో వెయ్యలేదు. రేపు పొద్దున నువ్వూ కడుక్కుని ఎక్కు.”